ఐదో తరగతి లెక్కల బుక్కు

డిసెంబరు 14, 2024, శనివారం

పెద్దోడి లెక్కల పేపరు బ్యాగు అడుగున దొరికింది, నాలుగు మడతలు పెట్టి. 80కి 9. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్ష. రాతపేపరులో 28 అన్నా రాకపోతే పాసు లేదు. తక్కిన 20 మార్కులు బళ్లో వేసేవి, వాటికి దిగుల్లేదు.

అడిగితే గోడ చూస్తాడు. "చదువుతాలేమా" అంటాడు. బుక్కు తెరిస్తే ఒకే పుట గంటసేపు. వాళ్ల నాయన "సోమరిపోతు నాయాలు" అని పక్కకు తిరిగి పడుకున్నాడు. నాకు ఆ మాట మింగుడుపడలేదు. తెల్లారుజామున త్రీఫేజు కరెంటొస్తే ఎవురూ లేపకుండానే లేచి, మోటరేసి, మడవ కట్టి వస్తాడే! సోమరిపోతు చేసే పనా అది?

డిసెంబరు 22, ఆదివారం

వాడి నోటుబుక్కులన్నీ ముందరేసుకుని కూర్చున్నా. నేను ఆంధ్రాలో, రొద్దంలో తెలుగు మీడియంలో పది చదివినదాన్ని. వీడిది ఇక్కడ కర్ణాటకలో కన్నడ మీడియం. కన్నడ అక్షరాలు చాలామటుకు మన వాటి మాదిరే వుంటాయి కాబట్టి కూడబలుక్కుని చదవగలను. దస్తూరి ముత్యాల పేరు. థేల్స్ ప్రమేయం బొమ్మతో సహా రెండు పుటలు, ఒక్క కొట్టివేత లేదు. "ఈ రెండు గీతలూ సమాంతరం అంటే ఏందిరా?" అంటే పలకలా. బోర్డు మీదది దించుకున్నాడు, అంతే.

ఇంకా కిందికి దిగి, ముప్పావులో సగమెంత అని అడిగినా. కాయితం మీద 3/4 వేసుకుని, చాలాసేపు చూసి, పైన ఒకటిన్నర, కింద 2 రాసినాడు. "పైనా కిందా రెండూ సగం చేసినా కదమా" అన్నాడు. సగం చేయబోయి మళ్లా ముప్పావు దగ్గరికే వచ్చినాడని వానికి తెలీలా. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది. బుర్ర వాడి చేసిన తప్పు అది. గోడ చూసే పిల్లోడు కాదు, ఆలోచించే పిల్లోడు.

డిసెంబరు 23

రాత్రంతా వెనక్కి లెక్కేసుకున్నా. 2020 మార్చిలో బళ్లు మూసినప్పుడు వాడు ఐదో తరగతి. ఆరో తరగతి శానా భాగం ఇంట్లోనే గడిచింది. చందన టీవీలో పాఠాలు వేసినారు. విద్యాగమ అని మేష్ట్రులే ఊళ్లలోకి వచ్చి చెట్టు కింద చెప్పినారు, అక్టోబరులో అదీ ఆపేసినారు. పోయిన చదువు తిరిగి నేర్పాలని సర్కారు 2022-23లో 'కలికా చేతరికె' పెట్టేటప్పటికి వాడు ఎనిమిది. అప్పటికే వెనక వరసలో తల వంచుకుని కూర్చోవడం అలవాటైపోయింది. తొమ్మిదిలో బోర్డు మాదిరి పరీక్ష రాయించినారు. కోర్టుల్లో నలిగి నలిగి, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఫలితాలు ఆపించింది. ఎక్కడ తప్పిపోయినాడో చెప్పే కాయితం ఒక్కటీ చేతికి రాకుండానే పదికి వచ్చేసినాడు.

భిన్నాలు, దశాంశాలు, శాతాలు. అన్నీ సరిగ్గా ఐదు, ఆరు, ఏడు తరగతులవే. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. అర్థం కానిది అడగడానికి మాట కూడా వెతుక్కోవాల. పదో తరగతి లెక్క ముందరేసి "మనసు పెట్టు, మనసు పెట్టు" అంటే ఏ లెక్క మీద పెడతాడు?

జనవరి 5, 2025, ఆదివారం

ఎదురింటామె కూతురి ఐదో తరగతి లెక్కల బుక్కు తెచ్చినా. చూడంగానే పెద్దోడి మొగం ఎర్రబడింది. "తమ్ముడు చూస్తే?" అన్నాడు. అట్టకు ఖాకీ కాయితం వేసి పేరు లేకుండా చేసినా. రాత్రి భోజనాలైనాక తమ్ముణ్ని అత్త దగ్గర పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, అరగంట. అరగంట దాటితే నేనే మూసేస్తా. ఇంకా చేస్తా అన్నా మూసేస్తా.

బళ్లో సార్లు ఇచ్చిన 'పాసింగ్ ప్యాకేజ్' పక్కన పెట్టలేదు. గ్రాఫు, వృత్తానికి స్పర్శరేఖలు, సగటు, మధ్యాంకం. వచ్చి తీరే నాలుగు రకాలు దిద్దించి దిద్దించి పాసు చేయించాలని పాపం వాళ్ల తాపత్రయం. పొద్దునా సాయంత్రం అదనం క్లాసులు తీసుకుంటున్నారు. అది వాళ్లు చూసుకుంటారు. నేను కింది నుంచి వస్తా.

జనవరి 15

పండక్కి ఆడబిడ్డ వచ్చింది. వాళ్లోడికి 90 శాతమంట. మావోడు అన్నం సగంలో లేచి పోయినాడు.

సాయంత్రం మిద్దె మీద నా దగ్గర కూర్చుని అన్నాడు: "సోలార్ బాడుగ వస్తాది కదమా, చదవకుంటే ఏమైతాది?" తిరుమణి పొలిమేరలో మావోళ్ల మూడెకరాలు సోలార్ పార్కుకు ఇచ్చినారు. 28 ఏండ్ల లీజు. ఎకరాకు ఏడాదికి 21,000తో మొదలు. మొత్తం 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఇక్కడ నిలబడితే కనుచూపు మేర అద్దాలే. వానలు నమ్ముకుని బుడ్డలు వేసి అప్పులపాలైన ఊళ్లకు ఆ బాడుగ పెద్ద ఆసరా, కాదనను. అయితే ఆ మూడెకరాలకు అన్నదమ్ములు ముగ్గురు, వాళ్లకు పిల్లోళ్లు. పార్కులో మావోళ్లకు దొరికింది కావలి కాసే పని, గడ్డి కోసే పని, పలకలు కడిగే పని. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు తీసుకోవాలంటే పది పాసు కావాల.

ఇవన్నీ చెప్పినా. ఊ అన్నాడు, అంతే.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ పొద్దు జరిగింది వివరంగా రాసుకోవాల.

శాతాల పాఠం. బుక్కులో అంగడి లెక్కలు వేస్తే ఆవలింతలు. మూసి పక్కన పెట్టి లీజు కాయితం తీసినా. రెండేండ్లకొకసారి 5 శాతం పెంపు. "ఎకరాకు ఎంత పెరుగుతాది?" నూటికి 5 అయితే వెయ్యికి 50, 21 వేలకు 1,050. వేళ్ల మీదే చేసినాడు. 22,050. "దాని మీద ఇంకోసారి 5 వెయ్యి" అంటే గబుక్కున 23,100 రాసినాడు. నేనేం అనలా. పెన్ను కొరుక్కుంటా చూస్తానే వున్నాడు. తర్వాత తనే కొట్టేసి, 1,102.50 అని కింద రాసినాడు. "అమా, ఈ తూరి పెరిగిన దాని మీద కూడా పెరగల్ల కదా!" అని గట్టిగా అరిచినాడు. అత్త లేచింది.

ఆపైన నేను అడగలా. మూడెకరాలకెంత, మా వాటాకెంత, 28 ఏండ్లు తీరేసరికి ఎంత, వాడే వేసుకుంటా పోయినాడు. చివరికి మా వాటాను నెలకు పంచి చూసుకున్నాడు. "ఇంతేనా?" అన్నాడు. నేను పండగ నాడు చెప్పినదానికంటే ఆ అంకె బాగా చెప్పింది.

ఫిబ్రవరి 10

2005లో మా ఊరి బళ్లో దిగి వుండిన రిజర్వు పోలీసుల మీద నక్సలైట్లు పడిన రాత్రి ఇదే, ఇరవై ఏండ్లు. నేనప్పటికి ఈ ఇంటికి రాలేదు. అత్త చెప్తుంటే మావోడు వదలకుండా అడిగినాడు: ఎందుకొచ్చినారు, బళ్లో ఎందుకు పెట్టినారు, తర్వాత ఏమైంది. సమాజ పాఠం తెరిస్తే నిద్రపోయే పిల్లోడేనా అనిపించింది.

మార్చి 24, సోమవారం

లెక్కల పరీక్ష. బయటికొచ్చినాక గ్రాఫు కుదిరిందన్నాడు, ఒక పెద్ద లెక్క సగంలో వదిలేసినా అన్నాడు. ఏం వదిలినాడో చెప్పగలిగినాడు. మునుపు "బాగానే రాసినా" అనేవాడు.

మే 2, శుక్రవారం

ఫలితాలు. లెక్కలు రాతలో 34, పాసు. ఇంగ్లీషు, సైన్సు తప్పినాడు. రాష్ట్రంలో మూడో వంతు పిల్లోళ్లు తప్పినారంట, ఆ మాట వానికేం ఓదార్పు. పొద్దుగూకేదాకా బోరు కాడే వున్నాడు. వాళ్ల నాయన బెంగళూరులో బావమరిదికి ఫోను చేసి బేకరీలో పని అడిగినాడు. నేను ఫోను తీసుకుని, "అన్నా, ఇప్పుడే కాదు" అని పెట్టేసినా. ఇంట్లో పెద్ద గొడవ.

మే 4, ఆదివారం

26 నుంచి రెండో పరీక్ష. తప్పిన రెండు రాస్తే చాలు, లెక్కల మార్కులు అట్లే వుంటాయి. మూడోది ఇంకా వుంది. ఇదంతా చెప్పి ఆయన్ను ఆ మూడో పరీక్ష దాకా ఒప్పించినా. ఆ తర్వాత మాట తర్వాత.

సైన్సులో కరెంటు పాఠం నుంచి మొదలుపెడదామన్నా. స్టార్టరు విప్పి బిగించే పిల్లోడికి అది ఎడమచేతి పని. ఇంగ్లీషే నాకూ భయం. రాత్రి అన్నం తింటా తమ్ముని ఎదురుగానే అడిగినాడు: "అమా, ఎదురింట్లో ఐదో తరగతి ఇంగ్లీషు బుక్కు కూడా వుంటాదా?" తమ్ముడు నవ్వినాడు. "నువ్వూ రా, నీకు కూడా రాదు" అని వాన్నీ కూర్చోబెట్టుకున్నాడు. రేపు పొద్దున పోయి అడగాల.