నసబ్‌నుమా తెగిపోతే

ఉర్దూ మీడియంలో చదివిన మాకు భిన్నం అంటే కసర్. పైన ఉండేది షుమార్ కునిందా, కింద ఉండేది నసబ్‌నుమా. తెలుగులో లవం, హారం. నసబ్ అంటే వంశం, నుమా అంటే చూపించేది. ఈ ముక్క ఏ మొత్తంలోంచి వచ్చిందో చెప్పేది కింది అంకే. అది కనబడకపోతే పైదానికి అర్థం లేదు.

మా ఖాలూ ఇంతెకాల్ అయ్యాక వరాసత్ హిసాబ్ వేయాల్సి వచ్చింది. ఆయన తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. అప్పులు తీర్చాక మిగిలిన ఆస్తికి వారసులు నలుగురు: ఖాలా, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. పిల్లలున్న బేవాకు 1/8. మిగతా 7/8లో కొడుక్కి రెండు పాళ్లు, ఒక్కో కూతురికి ఒక పాలు. మొత్తం 32 భాగాలు చేస్తే ఖాలాకు 4, కొడుక్కి 14, కూతుళ్లకు ఏడేసి. స్టాటిస్టిక్స్ చదివే మా అమ్మాయి ఇదంతా జూపిటర్ నోట్‌బుక్‌లో వేసింది. లెక్కా, దాని వివరమూ ఒకేచోట ఉంటాయి కదా అని.

ప్రింట్ తీసి అందరి చేతికీ ఇచ్చాం. ప్రతి భిన్నంలోనూ కింది అంకె సగానికి తెగి ఉంది. 3 పై సగం, 2 పై సగం దాదాపు ఒకేలా ఉంటాయి. ఖాలా చిన్న కూతురు కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "భాయ్‌జాన్, నాది 7/22నా, 7/33నా?" అంది. పెద్దల్లుడు ఏమీ అనలేదు గానీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆస్తి మాటల దగ్గర సగం కనబడే అంకె చాలు, దిల్‌లో షక్ మొలవడానికి.

అమ్మాయి ఫార్ములాలన్నీ మళ్లీ టైప్ చేస్తానంది. "ఠహరో బేటా, ముందు మసలా ఎక్కడుందో చూద్దాం" అన్నాను. సెల్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అసలు రాత కనబడింది. అందులో 32 సలామత్‌గా ఉంది. అంటే హిసాబ్‌లో ఖరాబీ లేదు, చూపించడంలో ఉంది. బ్రౌజర్ జూమ్ 100కి తెచ్చాం, మారలేదు. ఇంకో బ్రౌజర్‌లో తెరిచాం, అక్కడా అంతే. చివరికి పేజీ అందంగా ఉంటుందని తను ఎక్కడినుంచో తెచ్చి పెట్టుకున్న థీమ్ తీసేసింది. వెంటనే అంకెలన్నీ పూర్తిగా కనబడ్డాయి.

ఆ థీమ్‌లో ప్రతి వరుసకూ ఇంతే ఎత్తు అని ముందే కొలత పెట్టారు. పైగా ఓవర్‌ఫ్లో హిడెన్ అని ఉంది, అంటే కొలత దాటిందల్లా దాచెయ్యమని హుకుం. మామూలు వాక్యం ఆ ఎత్తులో పడుతుంది. భిన్నం రెండంతస్తుల ఇల్లు, పట్టదు. హిడెన్ బదులు విజిబుల్ అని, ఎత్తు ఆటో అని మార్చాక థీమ్ మళ్లీ పెట్టినా ఏమీ తెగలేదు.

నస్తాలీక్ లిపిని ఇరుకు వరుసలో పెట్టినా ఇదే గతి. ఏటవాలుగా దిగే అక్షరాల పైభాగమో, కింది నుక్తాలో మాయమవుతాయి. తెలుగు వత్తులకూ ఈ బాధ తప్పదు. "అమ్మ"లో కింది వత్తు తెగితే "అమ" మిగులుతుంది. రాసినవాళ్ల కసూర్ కాదు, జాగా చాలలేదు.

మీ ఇళ్లలోనూ పిల్లలు ఇలాంటి హిసాబ్‌లు కంప్యూటర్‌లో వేస్తుంటారు. తెర మీద చూసి తసల్లీ పడకండి, పంచేముందు ఒక ప్రింట్ తీసి ప్రతి అంకె కింది అంచు చూడండి. దస్తావేజుల్లో రాసినట్టు అంకె పక్కనే అక్షరాల్లోనూ రాయించండి. మా రెండో ప్రింట్‌లో ప్రతి పేరుకు ఎదురుగా "ముప్పై రెండింటిలో ఏడు" అని ఉర్దూలో, తెలుగులో రాయించాం. పెద్దల్లుడు అది తీసుకుని, జేబులోని పాత కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.