చోటా హాథీ... పాత ధర పలికేనా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పైన మెట్రో పరుగులు, కింద బస్సుల బారులు. ఆ రద్దీలోనూ సందు చూసుకుని దూరిపోయే బుల్లి ట్రాలీ... టాటా ఏస్. జనం పెట్టుకున్న ముద్దుపేరు చోటా హాథీ!

ఇల్లు మారాలన్నా, దుకాణానికి సరుకు రావాలన్నా దానికే కబురు. ఈ దారిలోని కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం బాట పట్టాక పండ్ల కిరాయిల దూరం పెరిగింది. దూరంతోపాటే ఇంధనం లెక్కలూ మారాయి.

2005లో ఏస్ వచ్చినప్పుడు ఉన్నది రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఒక్కటే. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లు మోడల్, టైర్లు, పొగ చూసి బేరమాడేవారు. తర్వాత సీఎన్జీ, పెట్రోలు రకాలు వచ్చాయి. 2020లో బీఎస్-6 నిబంధనలు, 2022లో కరెంటు ఏస్. 2025లో ఏస్ ప్రో విడుదలైనప్పుడు దాని ప్రారంభ ధర 3.99 లక్షల రూపాయలే. కొత్తది అంతకే వచ్చాక పాతదాని ధర దిగక ఏం చేస్తుంది?

అలాగని అన్నీ ఒకేలా దిగవు. పాత డీజిల్ ఇంజిన్ విప్పి బిగించడం గల్లీ మెకానిక్‌కూ తెలిసిన పనే. అదే దానికి బలం. సీఎన్జీ బండైతే సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేయించాల్సిన పరీక్ష అయిందో లేదో చూడాలి. కరెంటు బండి దగ్గర అసలు ప్రశ్న బ్యాటరీయే. దాని వారంటీ ఎంత మిగిలితే బేరం అంత గట్టిగా నిలుస్తుంది.

సొంత బండి నడుపుకొనేవాళ్లకు కిస్తీలు తీరాక మిగిలే ఆస్తి ఆ బండే. పిల్లల ఫీజులైనా, కొత్త బండి డౌన్‌పేమెంటైనా అది అమ్మిన డబ్బులోంచే. అందుకే ఇంజిన్ ఎంచుకునేటప్పుడు మైలేజీతోపాటు ఇంకో మాటా అడగాలి... అయిదేళ్ల తర్వాత దీన్ని కొనేదెవరు?