వెళ్లిపోయిన ఫైలు

ఆ రిజిస్టర్డ్ పోస్టు వచ్చేసరికి ఆడిటరు గారు భోజనానికి లేవబోతున్నారు. కవరు చించి చూశారు. నాలుగే వాక్యాలు. వన్‌టౌన్‌లోని ఫలానా బట్టల కొట్టు లెక్కలు ఇకమీదట తాము చూడబోతున్నామనీ, అభ్యంతరం ఉంటే తెలపమనీ బెజవాడలోనే ఉన్న మరో ఆడిటరు రాశారు. పాత ఆడిటరుకు రాతపూర్వకంగా చెప్పకుండా కొత్తవాళ్లు ఆడిట్ పని ఒప్పుకోకూడదన్నది ఆ వృత్తి నియమం. తప్పు పట్టడానికేం లేదు.

కానీ ఆ రోజు ఆయనకు అన్నం సహించలేదు. ఎందుకంటే అది ఆయన మొట్టమొదటి ఖాతా.

1992లో గవర్నర్‌పేటలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని ప్రాక్టీసు పెట్టారాయన. ఒక బల్ల, మూడు కుర్చీలు, మెట్ల దగ్గర చిన్న బోర్డు. అంతే. చార్టర్డ్ అకౌంటెంట్లు పేపర్లో ప్రకటన ఇవ్వడానికి లేదు. కొట్టు కొట్టుకూ తిరిగి పనిమ్మని అడగడానికీ లేదు. 1949 నాటి చట్టంలోనే ఆ కట్టుబాటు ఉంది. తర్వాత్తర్వాత వెబ్‌సైటు లాంటి వాటికి సడలింపులు వచ్చాయి గానీ, అప్పట్లో ఒకరు చెబితే ఇంకొకరు రావలసిందే.

అలా వచ్చిన మొదటి మనిషి ఆ బట్టల షావుకారు. చంకలో చిట్టా, ఆవర్జా. చేతిలో ఇన్‌కమ్‌టాక్స్ నోటీసు. కుర్ర ఆడిటరు రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, "పద్దులో ఎక్కని అమ్మకాలు ఉన్నాయండీ. తప్పు మనదే. ఒప్పుకుని పన్ను కట్టేద్దాం" అన్నాడు. షావుకారు గారికి కోపమొచ్చింది. "దానికి నువ్వెందుకయ్యా?" అని పుస్తకాలు ఎత్తుకుని వెళ్లిపోయారు. మూడో రోజు మళ్లీ మెట్లెక్కి వచ్చారు. "మిగతావాళ్లందరూ చూద్దాంలే అన్నారు. ఉన్నమాట చెప్పినవాడివి నువ్వొక్కడివే" అన్నారు.

ఆ ఏడాది తిరక్కుండా వన్‌టౌన్ నుంచి మరో పదకొండు కొట్లు ఆ మేడ మెట్లు ఎక్కాయి. ఎక్కిన ప్రతివాళ్లూ షావుకారు గారి పేరే చెప్పారు.

ఆ రోజుల్లో ఆడిటరు గారు సాయంత్రాలు వన్‌టౌన్ వెళ్లి, కొట్టు అరుగు మీద కూర్చుని టీ తాగేవారు. ఎవరి అమ్మాయికి సంబంధం కుదిరింది, ఎవరికి సూరత్ నుంచి సరుకు ఆగిపోయింది, అన్నీ ఆయనకు తెలిసేవి. అప్పు ఎందుకు పెరిగిందో పుస్తకం చెప్పకముందే అరుగు చెప్పేది.

పని పెరిగింది. అసిస్టెంట్లు వచ్చారు. అరుగు తగ్గింది. 2016లో పెద్దాయన పోయినప్పుడు పెద్దకర్మకు వెళ్లి కొడుకు భుజం తట్టి వచ్చారు. ఆ తర్వాత కొట్టుకు వెళ్లిందే లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక నెలనెలా రిటర్నుల గోలలో ఎవరికీ ఊపిరి ఆడలేదు.

ఉత్తరం అందిన మూడో రోజున పాత ఫైళ్లన్నీ దుమ్ము దులిపించి, ఏది ఎంతవరకు వచ్చిందో ఒక కాగితం మీద స్వయంగా రాసి, ఆటోలో పెట్టుకుని కొట్టుకు వెళ్లారాయన. కొడుకు కంగారుగా లేచి నిలబడ్డాడు.

"మీరెందుకొచ్చారు అంకుల్, కుర్రాణ్ని పంపితే సరిపోయేదిగా!"

"ఖాతా అడగడానికి రాలేదు బాబూ. అప్పగించడానికి వచ్చాను. మావల్ల ఏం తప్పు జరిగిందో తెలుసుకుందామని."

అతను కాసేపు మాట్లాడలేదు.

"పనిలో తప్పేం లేదంకుల్. సెప్టెంబరులో జీఎస్టీ నోటీసొచ్చింది చూడండి, ఆ రోజు నాలుగుసార్లు ఫోన్ చేశాను. సార్ బిజీ అన్నారు. నాన్న పోయాక నాకొచ్చిన మొదటి నోటీసు అది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు."

ఆడిటరు గారికి ఆ నోటీసు గుర్తుంది. సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్నులో బిల్లు చూపించకపోవడం వల్ల ఇక్కడ క్రెడిట్ లెక్క తేడా వచ్చింది. అసిస్టెంటు పది రోజుల్లో జవాబు రాసి సరిచేశాడు. ఆఫీసు దృష్టిలో అది చిన్న పని. కానీ భయం లేదన్న సంగతి ఆఫీసుకు తెలుసు, కొట్టుకు తెలియదు. ఆ ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు.

పక్కన ఎవరో ఆవిడ చీర కొంగును వేళ్ల మధ్య నలిపి చూసుకుంటోంది. బట్టయితే అలా తడిమి చూసుకోవచ్చు. ఆడిట్‌ను ఎలా తడిమి చూస్తారు? లెక్క ఎంత బాగా చేశారో ఖాతాదారుకు తెలిసే వీలు లేదు. కష్టమొచ్చిన రోజున పలికారా లేదా అన్నదే తెలుస్తుంది. తండ్రి నమ్మకాన్ని కొడుక్కి వారసత్వంగా వచ్చిన ఆస్తి అనుకోవడమే తన పొరపాటని ఆయనకు అప్పుడు అర్థమైంది.

ఆఫీసుకొచ్చి అసిస్టెంట్లను పిలిచారు. "నోటీసు ఎవరికొచ్చినా ఆ సాయంత్రంలోగా ఫోన్ వెళ్లాలి. జవాబు తెలియకపోతే, చూస్తున్నామనైనా చెప్పాలి" అన్నారు. పండగలకు అందరికీ ఒకేసారి శుభాకాంక్షల మెసేజీలు పంపుదామని ఒక కుర్రాడు సలహా ఇచ్చాడు. "పండక్కి అందరూ పలకరిస్తారయ్యా. నోటీసొచ్చిన నాడే ఎవరూ పలకరించరు" అని నవ్వేశారు.

ఇప్పుడు ప్రతి సోమవారం సాయంత్రం ఆయన ఆఫీసులో ఉండరు. ఏ పనీ లేని ఇద్దరి కొట్లకు వెళ్లి కూర్చుంటారు.

ఆ ఫైలు తిరిగి రాలేదు. మరుసటి ఏడాది ఒక కుర్ర వ్యాపారి మాత్రం మేడ మెట్లెక్కి వచ్చాడు. ఎవరు పంపారని అడిగితే ఆ బట్టల కొట్టు పేరే చెప్పాడు.

"వెళ్లిపోతున్న ఖాతా ఫైళ్లను మీరే సర్ది తెచ్చి ఇచ్చారటగా సార్. ఉన్నవాళ్లను ఇంకెంత బాగా చూస్తారో అన్నారు."

ఆడిటరు గారు టీ చెప్పి, ఫోన్ నంబరు రాసిచ్చారు. ఆఫీసుది కాదు, తనది.