మా గ్రంథాలయపు దర్బాను

మా పాత వార్షిక సంచికల పట్టికను జావాలో వ్రాసి, టామ్‌క్యాట్ సర్వరుపై నిలిపిన పిమ్మట, దాని ముంగిట ఎవరిని కాపు ఉంచవలెనన్న ప్రశ్న మాకు ఎదురైనది. బయటివారి కోరికను తాను అందుకొని, లోపలికి చేర్చి, జవాబును తెచ్చియిచ్చు మధ్యవర్తిని రివర్స్ ప్రాక్సీ అందురు. మాలోని ఉర్దూ విద్యార్థులు దానికి దర్బాను అని పేరు పెట్టిరి; ఆ పేరే నిలిచినది.

దర్బాను లేకుండ జరుగదా? జరుగును. టామ్‌క్యాట్ తానే 443వ పోర్టున కూర్చుండగలదు. కాని లినక్స్‌లో 1024కు దిగువ పోర్టులకు సాధారణముగా రూట్ అధికారము కావలెను. వీధిన పోవు ప్రతివానికి బదులు చెప్పు ప్రోగ్రాము చేతికి ఇంటి తాళపుచెవుల గుత్తి నిచ్చుట మాకు రుచించలేదు.

ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్ వేలమంది ఒక్కసారి వచ్చినను తొణకదు. మా పాఠకులా, మహా అయిన రెండు తరగతులవారు! అపాచీ మా ప్రయోగశాలలో మునుపే ఉన్నది. మా తరువాతి తరగతివారికి దాని అమరిక పరిచితము. మేము వెడలిపోయిన మీదట దీనిని చూడవలసినవారు వారే కనుక అపాచీనే ఎన్నుకొంటిమి.

అపాచీకిని టామ్‌క్యాట్‌కును నడుమ ఏజేపీ అను పాత బాట ఒకటి కలదు. కాని 2020లో ఘోస్ట్‌క్యాట్ అను లోపము బయటపడి, 8009వ పోర్టును చేరగలిగినవాడు అనువర్తనపు లోపలి ఫైళ్లను చదువగలడని తేలినది. అటుపై టామ్‌క్యాట్‌వారు ఆ బాటను మూసియే పంపుచున్నారు. మేము హెచ్‌టీటీపీ బాట పట్టితిమి.

ఇందు ఒక చిక్కు కలదు. 2014లో రాష్ట్ర సరిహద్దు ఊరైన మన తిరువూరులో, ఖమ్మం వైపువారెవరో విజయవాడ వైపువారెవరో తెలియక అందరును బస్టాండులోనే పుట్టిరని వ్రాసికొన్నచో ఎట్లుండును? టామ్‌క్యాట్ చిట్టాలో అట్లే అందరును 127.0.0.1 నుండి వచ్చినట్లు కనబడుదురు. రాత్రివేళ ఎవడో పాస్‌వర్డులను ఊహించుచు తలుపు తట్టినచో, వానినొక్కని ఆపబోయి పాఠకులందరిని ఆపవలసివచ్చును.

అసలు చిరునామాను ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అను శీర్షికలో అపాచీ తానే చేర్చును; టామ్‌క్యాట్‌లోని రిమోట్‌ఐపీవాల్వ్ దానిని చదువును. అయితే ఈ వాల్వ్ 192.168 వంటి లోపలి చిరునామాలన్నిటిని సహజముగా దర్బానులుగానే ఎంచును. మా ప్రయోగశాల యంత్రములును అందే చేరును! కావున 127.0.0.1ను మాత్రమే నమ్మవలెనని వ్రాసి, 8080వ పోర్టును ఆ చిరునామాకే బంధించితిమి. ఒక్కొక్క పంక్తి పైన తెలుగునను ఉర్దూనను వ్యాఖ్య కలదు.