ఇంకొక్క నొప్పి

"శుక్రవారం పొద్దున తొమ్మిది ఇరవైలోపు బిడ్డను తియ్యాలె డాక్టరమ్మా. పంతులు రాసిచ్చిండు."

జగిత్యాలలో పనిచేసిన రోజుల్లో ఓ పెద్దాయన నా బల్ల మీద పెట్టిన చీటీకి నాలుగు మూలలా పసుపు. మనవరాలికి అప్పటికి 37 వారాలే. 39 నిండకుండా కడుపు కోస్తే బిడ్డకు ఆయాసం వచ్చే ముప్పు పెరుగుతుందని చెప్పాను. వినలేదు. చివరికి గురువారం రాత్రే నొప్పులొచ్చి, తెల్లవారకముందే ఆమె మామూలుగా కనేసింది. చీటీ ఆయన జేబులోనే ఉండిపోయింది.

అప్పుడాయన్ను మూఢుడనుకున్నాను. నా జేబులోనూ ఒక చీటీ ఉందని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

డాక్టరైన కొత్తలో ఒక రాత్రి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఎవరూ నన్నొక్క మాట అనలేదు. గుడ్డలో చుట్టిన బిడ్డను ఎత్తుకుని ఆ తండ్రి గేటు దాటి వెళ్లడం మాత్రం కళ్లలో నిలిచిపోయింది. అప్పట్నించి ఏ కాన్పు కాస్త నెమ్మదించినా ఆపరేషన్‌కు సంతకాల కాగితం తెప్పించేదాన్ని. బిడ్డ కోసమే అనుకునేదాన్ని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చింది. దేశమంతటా ఆపరేషన్ కాన్పులు 21.5 శాతమైతే తెలంగాణలో 60.7. ఆ అంకెలో నా చేతి కోతలు ఎన్నో అనుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత కోరుట్ల. తొలిచూలు, ఇరవై రెండేళ్ల పిల్ల. భర్త దుబాయ్‌లో. అత్త బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. సాయంత్రానికి నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది, రాత్రి పదకొండింటికీ అంతే. మేం చదువుకున్నప్పుడు గంటకో సెంటీమీటరన్నది సూత్రం. అది అందరికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. కాన్పు ఊపందుకునేది ఐదు సెంటీమీటర్ల నుంచి, తల్లీ బిడ్డా బాగున్నంతవరకు ఆగవచ్చు. చదివాను, ఒప్పుకున్నాను. ఆగడం మాత్రం చేతకాలేదు. దుబాయ్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు: "ఆపరేషన్ చెయ్యుమను, పైసలు నేను పంపుత." కాగితం అడగబోతుంటే, కోడలి నడుము రాస్తున్న అత్త తలెత్తింది.

"లోపల బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటుందా?"

విన్నాను. నిమిషానికి నూట నలభై. మంచిగానే ఉందన్నాను.

"మరి నీకెందుకు బిడ్డా భయం?"

ఆ ప్రశ్న అంతవరకు నన్నెవరూ అడగలేదు. స్టూలు లాక్కుని కూచున్నాను. ఆ పిల్లను లేపి నడిపించాం, పక్కకు తిప్పి పడుకోబెట్టాం, చాయ్ తాగించాం. అరగంటకోసారి, ఊపందుకున్నాక ఇంకా తరచుగా, గుండె వింటూనే ఉన్నాను. పొద్దున ఏడింటికి ఆడపిల్ల పుట్టింది.

అలా ఓపిక అలవాటైంది. దాని వెంట ఇంకొకటి కూడా వచ్చిందని సిరిసిల్లలో బయటపడింది.

అక్కడ రెండో కాన్పుకు ఒకామె వచ్చింది. భర్త పన్నెండు గంటలు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద ఉంటాడు. ఆమె కండెలు చుడుతుంది. మొదటి కాన్పు ఆపరేషన్ కావడంతో నెలల తరబడి కూలి పోయింది. ఈసారి నార్మల్ కావాలంది. పాత కోత కింది భాగంలో అడ్డంగా ఉంది, మూడేళ్లు దాటింది. ప్రయత్నించవచ్చు. ఆపరేషన్ గది సిద్ధంగా ఉంచుకునే మొదలుపెట్టాం. అప్పటికి నా నార్మల్ కాన్పుల లెక్క డైరీలో రాసుకుంటున్నాను.

రాత్రి రెండింటికి బిడ్డ గుండె తొంభైకి పడింది. మళ్లీ లేవలేదు. పాత కుట్టు దగ్గర గుంజుతోందంది.

"ఇంకొక్క నొప్పి చూద్దాం" అన్నాను.

సిస్టర్ నా మొహంలోకి చూసింది. ఎవరి కోసం చూద్దామన్నానో నాకు అప్పుడు తెలిసింది. లేచాను. కడుపు తెరిస్తే, పాత కోత దగ్గర గర్భసంచి లోపలి బిడ్డ జుట్టు కనిపించేంత పలచబడి ఉంది. బిడ్డ ఆలస్యంగా ఏడ్చాడు. ఏడ్చాడు, అది చాలు. ఆ డైరీ మళ్లీ తెరవలేదు.

పొద్దున రౌండ్సుకు వెళ్తే ఆమె నన్నే చూస్తోంది.

"నార్మల్ కాలేదని బాధయితుందా మేడం?" అంది. నేను మాట్లాడేలోపే వాళ్లమ్మకు సైగ చేసి, బిడ్డను నా చేతుల్లో పెట్టించింది.