చెరువు నుంచి కోన దాకా సైకిలు కబుర్లు

ధనుర్మాసం వచ్చిందంటే మా దొరవారిసత్రం వైపు సైకిలు తొక్కేవాళ్లకి మంచి రోజులు వచ్చినట్టే. అక్టోబరు నుంచి పడ్డ వానలకి చెరువులు నిండి ఉంటాయి, దుమ్ము అణిగి ఉంటుంది, ఎండ చుర్రుమనదు. ఆదివారం తెల్లవారేసరికి చెన్నై వైపు నుంచి హెల్మెట్లు పెట్టుకున్న బృందాలు పదహారో నంబరు జాతీయ రహదారి మీద కనబడతాయి. చాలామంది నాయుడుపేట, గూడూరు, నెల్లూరు అనుకుంటూ తలెత్తకుండా సాగిపోతారు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: హైవే దిగండి. తూర్పున పులికాట్ సరస్సు, పడమట నాగలాపురం కొండలు, నడుమ స్వర్ణముఖి, కాళంగి, అరణియార్. కొండ మీద పడ్డ వాన సరస్సుకి ఎలా చేరుతుందో సైకిలు మీద వెంబడే పోయి చూడగలిగిన చోటు ఇది.

ప్రయాణికులు ఈ దారికి కొత్త కాదు. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు మరుసటి ఏడు సెప్టెంబరులో ఇల్లు చేరింది నెల్లూరు సీమ మీదుగానే. అప్పట్లో ఒక సత్రం నుంచి ఇంకో సత్రం దాకా ఒక మజిలీ. సైకిలు యాత్రకి నేటికీ అదే లెక్క సరిపోతుంది.

చెరువు కబురు

మొదటి మజిలీ మా మండలంలోనే ఉన్న నేలపట్టు. 1976 నుంచి అది పక్షుల సంరక్షణ కేంద్రం, విస్తీర్ణం దాదాపు 459 హెక్టార్లు. గూడబాతులు అక్టోబరులో దిగి, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటి పక్కనే నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. సైకిలు గేటు దగ్గర పెట్టి కట్ట మీద మెల్లగా నడవండి. పులికాట్‌లో చేపలు పట్టుకొచ్చిన తల్లి గూటి మీద వాలగానే పిల్ల తన తలని, మెడ దాకా, తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేస్తుంది. తల్లి రెక్కలు విప్పి నిలదొక్కుకుంటుంది, కొమ్మ ఊగిపోతుంది. ఒక పిల్ల తిన్నాక రెండోది ఎగబడుతుంది. రెట్టలతో చెట్లన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబారి ఉంటాయి. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని ఇక్కడి రైతులకి బాగా తెలుసు. పక్షులొస్తే వానలొచ్చినట్టే, పంట పండినట్టేనని ఊరి నమ్మకం. అందుకే వాటి జోలికి ఎవరూ పోరు, పోనివ్వరు.

సరస్సు మీద బాట

సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని తూర్పుకి తిరిగితే శ్రీహరికోట రోడ్డు. పులికాట్‌ని చీల్చుకుంటూ తిన్నగా పోతుంది. మిట్ట లేదు, మలుపు లేదు. దారిలో అటకానితిప్ప దగ్గర ఆగండి. ఫ్లెమింగోలు మోకాలి లోతు నీళ్లలో తల తిరగేసి, ముక్కుతో బురద నీటిని వడకట్టుకుంటూ అడుగులేస్తుంటాయి. ఒకదాన్ని బెదరగొడితే గుంపంతా లేచిపోతుంది కనుక బెల్లు కొట్టకండి, రోడ్డు దిగి బురదలోకి వెళ్లకండి.

ఈ బాట మీద అసలు పరీక్ష గాలితో. మధ్యాహ్నమైతే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. అందుకని చీకటితోనే బయలుదేరి తూర్పుకి తొక్కండి. పది దాటాక వెనక్కి తిరిగితే ఆ గాలే వీపు మీద చెయ్యేసి తోస్తుంది. చివర రాకెట్లు ప్రయోగించే షార్ కేంద్రం గేటు, దాటనివ్వరు. రాకెట్టు ప్రయోగం ఉన్న రోజు రోడ్డు మీద కట్టడి, సూళ్లూరుపేటలో జనం, రెండూ ఎక్కువే. తేదీ చూసుకుని రండి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం జరిగింది. అదే నెల 18 నుంచి 20 దాకా, కొన్నేళ్ల విరామం తర్వాత, ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగింది. ఇల్లు చేరాక సైకిలుని మంచినీళ్లతో కడిగి, చైనుకి నూనె వేయడం మరవకండి. ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.

ఏటి వెంబడి

రెండో దారి నాయుడుపేట నుంచి శ్రీకాళహస్తికి, ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. స్వర్ణముఖి చంద్రగిరి కొండల్లో పుట్టి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి వాకాడు వైపు సముద్రానికి పోతుంది. పెద్ద రోడ్డు లారీలకి వదిలేసి, వీలైనంత వరకు ఏటి పక్క ఊళ్ల దారులు పట్టండి. వరి మళ్లు, ఇసుక మేటలు, వాటి మధ్య పాయలుగా నీళ్లు. 2021 నవంబరు వరదల్లో ఇదే ఏరు ఎంత ఉగ్రంగా పారిందో ఒడ్డున ఎవరినడిగినా చెబుతారు. వాగుల మీద చప్టాలు వచ్చినప్పుడు జాగ్రత్త. నీళ్లు పారకపోయినా సిమెంటు మీద పచ్చటి పాచి ఉంటుంది. ముందు బ్రేకు పట్టారా, చక్రం పక్కకి జారుతుంది. దిగి నడిపించుకుపోవడమే మేలు. నీళ్లు పారుతుంటే అసలు చప్టా మీదికి పోనే వద్దు.

కాళహస్తిలో రాత్రి ఆగి తెల్లవారి వెనక్కి రండి. పల్లానికి ప్రయాణం, గాలి లేవకముందే నాయుడుపేట చేరొచ్చు. అదే రోజు సాయంత్రం తిరిగొద్దామనుకుంటే ఎదురుగాలి కాళ్లు పీకేస్తుంది.

కొండ కబురు

గేర్లున్న సైకిలు, కాస్త దమ్ము ఉన్నవాళ్లకి తడ నుంచి పడమటి దారి. వరదయ్యపాళెం దాటాక కొండలు దగ్గరకొస్తాయి. ఉబ్బలమడుగు జలపాతం ఆ కొండల అడవిలోనే. జోరువానలప్పుడు అటవీ శాఖ లోపలికి వదలదు, ఆ మాట వినాలి. మడుగుల లోతు పైకి తెలియదు, ఈతొచ్చినవాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

సత్యవేడు మీదుగా దక్షిణానికి పోతే అరణియార్ ఒడ్డున సురుటుపల్లి. అక్కడ శివుడు పవళించి ఉంటాడు. ఇంకా పైకి పోతే నాగలాపురం. వేదనారాయణస్వామి గుడి శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది, ఊరికి తల్లి నాగలాంబ పేరు పెట్టాడు. మార్చిలో సాయంత్రపు సూర్యకిరణాలు ఒక రోజు స్వామి పాదాల మీద, మర్నాడు నాభి మీద, ఆ మర్నాడు శిరస్సు మీద పడతాయి. పిచ్చాటూరు జలాశయం కట్ట మీద నిలబడితే ఆ కొండల నీళ్లన్నీ ఒక్కచోట కనబడతాయి. అక్కణ్నించి వదిలిన అరణియార్ చుట్టూ తిరిగి పులికాట్ దక్షిణపు కొసకి చేరుతుంది. పొద్దున నేలపట్టులో గూడబాతు పిల్ల మింగిన చేప ఈ నీటి చలవే.

దూరాలు తొక్కేవాళ్లకి

బ్రెవెలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరాలు, తొక్కే కుర్రకారు ఇప్పుడు ఎక్కువయ్యారు. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 400కి ఇరవై ఏడు, 600కి నలభై గంటలు గడువు. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ 1,200 కిలోమీటర్లు, గడువు 90 గంటలు. మళ్లీ 2027లో ఉంది. గడియారంతో పందెం పెట్టుకునే రోజులు సరే, ఒక వారం మాత్రం ఆ గడియారం పక్కన పెట్టి ఇటు రమ్మని వాళ్లకి నా పిలుపు.

రాబోయే రోజులు

కనుమ నాడు శ్రీకాళహస్తిలో స్వామి అమ్మవార్ల కైలాసగిరి ప్రదక్షిణ. ఆ దారి నడిచేవాళ్లది, సైకిలు ఊళ్లోనే పెట్టండి. మహాశివరాత్రికి రోడ్లన్నీ కిటకిటలాడతాయి కనుక ఆ వారం సరస్సు వైపు తిరగండి. శివరాత్రి దాటితే ఎండ ముదురుతుంది, కోతలు మొదలవుతాయి, పిల్లలకి రెక్కలొచ్చి గూడబాతులు ఒక్కటొక్కటే తరలిపోతాయి.

చివరగా మా మండలంలోని బళ్ల పంతుళ్లకి ఒక మనవి. హైవే ఎక్కకుండా, ఊళ్ల మధ్య దారుల్లో, ఒక సెలవునాడు పిల్లల్ని సైకిళ్ల మీద నేలపట్టుకి తీసుకెళ్లండి.  ఎక్కడెక్కడి వాళ్లో చూసి మురిసిపోయే చెరువుని ముందు మన పిల్లలు చూడాలి, అందులోకి నీళ్లు ఏ దిక్కు నుంచి వస్తాయో వాళ్లకి తెలియాలి. రేపు దాన్ని కాపాడాల్సింది వాళ్లే.