కోరంగి మడయడవులు

సికిందరాబాదున కాపురముండు మాకు సముద్రమనగా దూరపు చుట్టము. కాని 2020 అక్టోబరు 13వ తేదీ ఉదయమున కాకినాడకడ తీరము దాటిన వాయుగుండమే ఆ రాత్రికి మా నగరమును ముంచివైచినది. మా వీధి ఏరైనది. నాటినుండి ఆ తీరమును కన్నులార చూడవలెనని కోరియుండి, మొన్న సంక్రాంతి సెలవులలో రైలెక్కి కాకినాడ చేరితిమి.

కాకినాడకు దక్షిణమున కోరంగి కలదు. ఒకప్పుడది ఓడలు కట్టిన పేరుగల రేవు. 1789లోను 1839లోను తుపానులతో వచ్చిన ఉప్పెనలు దానిని తుడిచిపెట్టినవి. నేడచ్చట 1978లో ఏర్పడిన అభయారణ్యము 235 చదరపు కిలోమీటర్లు వ్యాపించియున్నది.

పడవనెక్కి కాలువవెంట పోయితిమి. తెల్లమడ, నల్లమడ వేళ్లు బురదనుండి మేకులవలె పైకి పొడుచుకొనివచ్చి గాలి పీల్చును. ఉప్పుపొన్న మానునుండి వేళ్లు దింపి, గుంజలు పాతినట్లు నిలుచును. పొంగి వచ్చిన నీరు ఈ వేళ్లనడుమ చీలి, వేగముడిగి, తెచ్చిన ఒండ్రును అచ్చటనే దించును. రాతిగోడ కట్టిననాటినుండి అరుగును. ఈ గోడ తన నేలను తానే పెంచుకొనును.

"పీతా రొయ్యా పిల్లలు పెట్టేది ఈ బురదలోనేనమ్మా. చెట్టు పోతే మా కూడు పోతాది, గాలివానకి మా కొంపా పోతాది" అని పడవలోని జాలరి అవ్వ పలికినది. ఆమె మాట వట్టిది కాదు. 1999లో ఒడిశాను కూల్చిన పెనుతుపానునందు కేంద్రపాడా జిల్లాలో, మడయడవి చాటుననున్న గ్రామములలో మరణములు తక్కువయని పరిశోధకులు లెక్కతేల్చి 2009లో ప్రకటించిరి.

అయినను మడ అన్నిచోట్ల మొలవదు. కాకినాడకు ఉత్తరమున, జాందానీ చీరలు నేయు ఉప్పాడలో, అలలు నేరుగా మోదు ఇసుకతీరమును కడలి కోసికొనిపోవుచుండుట చూచితిమి. అట్టిచోట బండలు పేర్చుట తప్పదు. కావున మడ ఉన్నచోట దానిని నిలుపుకొనుటయే వివేకము. కాని 2020లో కాకినాడ చెంతనే ఇండ్లస్థలములకై మడనేలను పూడ్చగా, తగవు హరిత న్యాయస్థానమువరకు పోయినది.

ఇతరులననేల? మా ఊరివారమును చెరువుల శిఖము పూడ్చి ఇండ్లు కట్టుకొంటిమి. నీరు తన చోటు వెదకికొనుచు మా వాకిళ్లకు వచ్చినది. బురదయని మనము రోయు నేలయే మన బిడ్డలకు కాపు. ఇల్లు కొనునపుడు వాస్తువు విచారింతుము గదా. దానికిముందు ఆ స్థలము ఏ నీటిదో విచారింపుడు.